బ్రౌజర్ కంపెనీకి వీసీ డబ్బు తీసుకోవాలా, మావయ్య దగ్గర వడ్డీకి తేవాలా?

తాడేరు_కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం పక్కన. నేనూ మా ఫ్రెండూ కలిసి ఒక బ్రౌజర్ చేశాం, మొత్తం సొంతంగా ఏం కాదు, క్రోమియం (గూగుల్ క్రోమ్ కి పునాది, ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగే కోడ్) తీసుకుని దాని మీద మాకు కావాల్సినవి కట్టుకున్నాం. ఎవరికంటే నెట్ సెంటర్ వాళ్ళకి. మన వైపు నెట్ సెంటర్ అంటే తెలుసు కదా, రోజంతా 1బీ, అడంగల్, ఈసీ, ఎంసెట్ అప్లికేషన్లు, పాన్ కార్డు, పీఎఫ్ క్లెయిము, ఒకళ్ళ లాగిన్ మూసీ మూయకముందే ఇంకొకళ్ళు కుర్చీలో కూర్చుంటారు, ఫోటో ఇన్ని కేబీల లోపు ఉండాలంటాడు సంతకం ఇంకో సైజు అంటాడు. మా దాంట్లో కస్టమర్ కి ఒక ట్యాబు గుంపు, పని అయ్యాక మూసేస్తే పాస్‌వర్డులూ డౌన్‌లోడులూ మొత్తం పోతాయి, ఫోటో సైజు అదే తగ్గించేస్తుంది, తెలుగు టైపింగ్ లోపలే ఉంది. భీమవరం పాలకొల్లు తణుకుల్లో తెలిసిన సెంటర్ల వాళ్ళు వాడుతున్నారు, ఫ్రీగానే.

ఇప్పుడు సంగతేంటంటే హైదరాబాదులో ఒకాయన కలిశారు, 50 లక్షలు పెడతా 20 శాతం ఇవ్వండి అన్నారు. కాకపోతే ఈ నెట్ సెంటర్ గోల తీసేసి ఏఐ బ్రౌజర్ అని పెట్టండి, ఏడాదిలో పెద్ద వీసీల (వాటా తీసుకుని స్టార్టప్పుల్లో డబ్బు పెట్టే వెంచర్ క్యాపిటల్ వాళ్ళు) దగ్గరికి తీసుకెళ్తా అంటున్నారు. ఇంకో పక్క మా మావయ్య (అమ్మ తమ్ముడు, చెరువులు ఉన్నాయి) పాతిక లక్షలు ఇస్తానంటున్నాడు, బయట రెండు రూపాయలు నడుస్తోంది నీకైతే రూపాయిన్నరకే అని. ఇంట్లో వాళ్ళు మావయ్య మాటే వినమంటున్నారు. నాకు అసలు డౌటు ఏంటంటే బ్రౌజర్ అందరూ ఫ్రీగా ఇస్తారు కదా, మరి అమెరికాలో వాటికి అన్నేసి కోట్లు ఎందుకు పోస్తున్నారు, ఆ డబ్బు తిరిగి ఎలా వస్తాదని? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇంటినుంచే_అమలాపురం:
ముందు నీ చివరి ప్రశ్నకి వస్తా తమ్ముడూ ఎందుకంటే అది తేలితే మిగతావి సగం తేలిపోతాయి. నేను బెంగళూరులో రెండు స్టార్టప్పుల్లో చేసి ఇప్పుడు ఇంటి దగ్గర నుంచి చేస్తున్నా.

బ్రౌజర్ అమ్మి డబ్బు చేసుకుందామని మొదట దిగింది నెట్‌స్కేప్. 1994లో పెట్టారు, క్లైనర్ పెర్కిన్స్ అనే వీసీ వాళ్ళు 50 లక్షల డాలర్లు పెట్టారు, 1995 ఆగస్టు 9న ఐపీవో, అంటే షేర్లు మొదటిసారి జనానికి అమ్మారు. షేరు 28 డాలర్లకి ఇస్తే ఆ రోజే 75 దాకా వెళ్ళి 58 పైన ముగిసింది, అప్పటికి కంపెనీకి లాభం అన్నదే లేదు. ఇవాళ మనం చూస్తున్న ఈ స్టార్టప్ పిచ్చికి అదే మొదటి రోజు అంటారు. తర్వాత మైక్రోసాఫ్ట్ వాడు విండోస్ తోపాటు ఎక్స్‌ప్లోరర్ ఊరికే ఇచ్చేశాడు, అంతే, డబ్బులు పెట్టి బ్రౌజర్ కొనే మనిషి లేకుండా పోయాడు. 1998లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ కొంటానని ప్రకటించి 1999లో కొనేసింది.

అప్పట్నుంచీ బ్రౌజర్ డబ్బు అంటే సెర్చ్ డబ్బే. అడ్రస్ బార్ లో నువ్వు కొట్టింది ఏ సెర్చ్ ఇంజిన్ కి వెళ్తుందో వాడు బ్రౌజర్ వాడికి వాటా ఇస్తాడు. సఫారీలో డిఫాల్టుగా ఉన్నందుకు గూగుల్ ఆపిల్ కి 2022లో ఇచ్చింది 20 బిలియన్ డాలర్లు, అక్కడి సెర్చ్ యాడ్స్ ఆదాయంలో 36 శాతం అని, సెర్చ్ గుత్తాధిపత్యం మీద అమెరికా ప్రభుత్వం గూగుల్ పై వేసిన కోర్టు కేసులో బయటపడింది. ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో 85 శాతం దాకా గూగుల్ నుంచేనని 2025లో అదే కోర్టులో వాళ్ళ సీఎఫ్ఓ చెప్పాడు. అంటే పోటీ బ్రౌజర్ కి తిండి పెట్టేది కూడా గూగులే, క్రోమ్ ఉన్నదీ వాడి దగ్గరే. అదే కేసులో జడ్జి మెహతా 2025 సెప్టెంబర్ లో తీర్పు ఇచ్చేటప్పుడు క్రోమ్ అమ్మక్కర్లేదన్నాడు, డిఫాల్ట్ కి డబ్బులు ఇవ్వడం కూడా పూర్తిగా ఆపలేదు, ఎక్స్‌క్లూజివ్ ఒప్పందాలు మాత్రం కుదరవన్నాడు.

ఇప్పుడు వీసీ లెక్క చూడు. వాడి ఫండు పదేళ్ళది, పెట్టిన వాటిల్లో చాలావరకు పోతాయని వాడికి ముందే తెలుసు, ఒకటో రెండో వంద రెట్లు తెస్తే ఫండు మొత్తం బయట పడుతుంది. అందుకని ప్రతి కంపెనీనీ ఇది ఆ ఒక్కటి అవుతుందా లేదా అని మాత్రమే చూస్తాడు. కోట్ల మంది వాడితే తప్ప సెర్చ్ వాటా లెక్కలోకి రాదు కాబట్టి కోట్ల మంది కోసం పరిగెత్తమంటాడు. ఈ పరుగులో పోయినవి బోలెడు. ఫ్లాక్ అని 2005లో వచ్చింది, సోషల్ బ్రౌజర్ అన్నారు, 2011లో గేముల కంపెనీ జింగా కొని మూసేసింది. రాక్‌మెల్ట్ లో అయితే నెట్‌స్కేప్ పెట్టిన ఆండ్రీసెన్ గారి వీసీ కంపెనీయే డబ్బు పెట్టింది, ఫేస్‌బుక్ చుట్టూ కట్టారు, 2013లో యాహూ కొని ఆపేసింది. స్టంబుల్‌అపాన్ అని బ్రౌజర్ కి తగిలించుకుని కొత్త సైట్లు చూసే టూల్ బార్, దాన్ని 2007లో ఈబే 75 మిలియన్లకి కొంటే రెండేళ్ళకి పెట్టినవాళ్ళే వెనక్కి కొనుక్కున్నారు, 2018లో మూతపడింది. మైటీ అని ఇంకోటి, క్రోమ్ ని వాళ్ళ సర్వర్ లో నడిపి నీకు వీడియోలా పంపిస్తారు, అదీ 2022లో వదిలేసి ఏఐ బొమ్మల వైపు వెళ్ళిపోయారు.

నీ బ్రౌజర్ లో నాకు నచ్చింది ఏంటంటే నీకు సెర్చ్ డబ్బు అక్కర్లేదు, వాడేవాడు దాంతో సంపాదించుకుంటున్నాడు కాబట్టి నేరుగా అతన్నే అడగొచ్చు. ఆ హైదరాబాద్ ఆయన తీసేయమంటున్నది సరిగ్గా దాన్నే.

రొయ్యలమావ:
బాబూ నాకు మీ బ్రౌజర్లు తెలవ్వు గానీ డబ్బు సంగతి తెలుసు. మా రొయ్యల చెరువుల కాడ మేత కొట్టాయన సీడు అప్పిస్తాడు మేత అప్పిస్తాడు ఒక్క రూపాయి అడగడు, పట్టుబడి రోజున మాత్రం కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) ఆయన చెప్పిందే రేటు ఆయన చెప్పిందే, సరుకు ఇంకొకళ్ళకి తోలడానికి లేదు. మీ హైదరాబాదాయన అదే టైపు అనిపిత్తంది నాకు. కాకపోతే ఒకటుంది, వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు మొత్తం పోయినా కొట్టాయన బాకీ బాకీయే, మీ హైదరాబాదాయనైతే పోయింది పోయిందని లేచెళ్ళిపోతాడంట కదా, అది నిజవేనా?

మావయ్య సంగతి అంటావా, పాతిక లచ్చలకి రూపాయిన్నర అంటే నెలకి ముప్పై ఏడువేల ఐదొందలు. ఫ్రీగా ఇత్తున్నావు కదా నీ సరుకు, ఏది పెట్టి కడతావు? రెండు నెలలు ఆగితే మీ అమ్మ ఫోనెత్తడానికి మొహమాటపడద్ది. ఆయ్, చుట్టాల డబ్బు తక్కువ వడ్డీకే వత్తాది, పెళ్ళిళ్ళకెళ్ళినప్పుడు తెలుత్తాది ఖరీదు.

ఆడిటర్_కాకినాడ:
రొయ్యలమావ గారూ నిజమేనండి, ఈక్విటీ (కంపెనీలో వాటాకి డబ్బు) పెట్టినవాళ్ళు కంపెనీ పోతే వెనక్కి అడగరు, మోసం చేస్తే తప్ప. కానీ కాగితం చదవాలి. కొంతమంది ఏంజెల్స్ (మొదట్లో సొంత డబ్బు పెట్టే వ్యక్తులు) పేరుకి ఈక్విటీ అని చెప్పి ఫలానా ఏడాదికి ఇంత శాతంతో ఫౌండర్లే వెనక్కి కొనాలని క్లాజు పెడతారు, అప్పుడది అప్పుకి ఇంకో పేరే.

తాడేరు బాబూ, 50 లక్షలకి 20 శాతం అంటే డబ్బు వచ్చాక మీ కంపెనీ విలువ రెండున్నర కోట్లు, రాకముందు రెండు కోట్లు. మీ ఇద్దరికీ చెరో 40 మిగుల్తుంది. తర్వాత రౌండులో ఇంకో 20 ఇస్తే చెరో 32. దీనికంటే ముఖ్యం లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అనే మాట, అంటే కంపెనీ అమ్ముడుపోతే డబ్బు పెట్టినాయన ముందు ఎంత తీసుకుంటాడనేది, టర్మ్ షీట్ (ఒప్పందం షరతుల కాగితం) లో అది ఎక్కడుందో ముందు వెతకండి. రేపు కంపెనీ కోటికి అమ్ముడుపోయింది అనుకోండి, 20 శాతం కదా ఆయనకి 20 లక్షలు మిగతాది మనకే అనుకుంటారు మీరు. వన్ ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్ అని ఉంటే ఆయన తన 50 లక్షలు ముందు తీసుకుంటాడు, మీకు చెరో పాతిక. పార్టిసిపేటింగ్ అని ఉంటే 50 తీసుకుని మిగిలిన 50 లో మళ్ళీ 20 శాతం తీసుకుంటాడు, అంటే 60 ఆయనకి, మీకు చెరో 20. ఒక్క మాటకి మీ ఇద్దరికీ కలిపి పది లక్షలు తేడా. నాన్ పార్టిసిపేటింగ్ లో రెండున్నర కోట్లు దాటి అమ్ముడుపోతేనే ఆయనకి వాటా లెక్క లాభం, అప్పుడు మామూలు షేర్లలోకి మారతాడు. అలాగే వెస్టింగ్ ఉంటుంది, అంటే మీ షేర్లు మెల్లగా మీ సొంతం అవుతాయి, నాలుగేళ్ళు, మొదటి ఏడాది లోపల వెళ్ళిపోతే ఏమీ రాదు, ఇది మాత్రం తప్పు కాదు, మీ ఫ్రెండు రేపు దుబాయ్ వెళ్ళిపోతే మిమ్మల్ని కాపాడేది అదే.

ఇక మావయ్య గారి డబ్బు. ఇది ఎవరూ చెప్పరు, మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ అకౌంట్ లోకి మావయ్య దగ్గర అప్పు తీసుకోవడం కుదరదండి. 2013 కంపెనీల చట్టంలో బంధువు అంటే అమ్మ నాన్న భార్య పిల్లలు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు కోడలు అల్లుడు ఇలా ఒక లిస్టు ఉంది, మేనమామ అందులో లేడు. మన ఇళ్ళల్లో మేనమామ లేకుండా ఏ కార్యం జరగదు, చట్టం దృష్టిలో మాత్రం బయటివాడే. కాబట్టి అది డిపాజిట్ కిందకి వస్తుంది, తప్పు అవుతుంది. మీరు సొంతంగా తీసుకుని డైరెక్టర్ గా కంపెనీకి ఇద్దామన్నా కుదరదు, అప్పు తెచ్చిన డబ్బు కాదని డిక్లరేషన్ ఇవ్వాలి కదా. దారి ఒకటి ఉంది, డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల విభాగం) దగ్గర స్టార్టప్ గా గుర్తింపు తీసుకుంటే ఒక మనిషి దగ్గర ఒకే విడతగా 25 లక్షలు లేదా ఆపైన కన్వర్టిబుల్ నోట్ మీద తీసుకోవచ్చు, పదేళ్ళ లోపు షేర్లుగా మారాలి లేదా తిరిగి కట్టాలి. ఆయన ఇస్తానన్నది సరిగ్గా పాతికే కాబట్టి సరిపోయింది. నెల నెలా వడ్డీ వద్దని, లాభం వస్తే వాటా అని ఆయనకి అర్థమయ్యేలా చెప్పి ఒప్పించాలి, అది నా వల్ల అయ్యే పని కాదు. స్టార్టప్ లోకి వచ్చిన పెట్టుబడి మీద వేసే ఏంజెల్ ట్యాక్స్ గొడవ 2024 బడ్జెట్ లో తీసేశారు, దాని గురించి భయం వద్దు.

బెంగళూరు_బస్సు:
అందరూ కలిసి కుర్రాళ్ళని భయపెట్టేస్తున్నారు. మన వైపు ఇదే జబ్బు, అమెరికాలో జాబ్ చెయ్యమంటారు గానీ ఇక్కడ కంపెనీ పెడతానంటే ముందు వడ్డీ లెక్క తీస్తారు. అమలాపురం అన్న పోయినవే చెప్పాడు. ది బ్రౌజర్ కంపెనీ అని ఆర్క్ బ్రౌజర్ చేసినవాళ్ళు 2019లో మొదలెట్టి 2025 సెప్టెంబర్ లో అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి 610 మిలియన్ డాలర్లకి అమ్మారు, అదీ క్యాష్. ఐలాండ్ అని ఆఫీసుల కోసం బ్రౌజర్ చేసే కంపెనీ, 2020లో పెట్టారు, 2025లో దాదాపు 5 బిలియన్ల విలువకి డబ్బు తెచ్చారు. పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ కంపెనీ కామెట్ బ్రౌజర్ తెచ్చింది, అంతటితో ఆగక క్రోమ్ నే కొంటాం 34.5 బిలియన్లు ఇస్తామని ఆఫర్ పడేసింది. ఓపెన్‌ఏఐ వాడు అట్లాస్ బ్రౌజర్ వదిలాడు 2025 అక్టోబర్ లో. పదిహేనేళ్ళకోసారి తెరుచుకునే తలుపు ఇది, ఇప్పుడు నెట్ సెంటర్ అని కూర్చుంటే ఎలా? డబ్బు ఇస్తానన్నవాడు దొరకడమే కష్టం, తీసుకో బ్రో.

ఇంటినుంచే_అమలాపురం:
బస్సు గారూ, ఆ 610 లోపలికి వెళ్ళి చూడండి. అంతకు ముందు ఏడాదే వాళ్ళు 550 మిలియన్ల విలువకి 50 మిలియన్లు తెచ్చుకున్నారు. అంటే ఆఖరున పెట్టినవాడికి వచ్చింది పది శాతం చిల్లర, వీసీ దానికి పండగ చేసుకోడు. ఆర్క్ మామూలు జనానికి మరీ కొత్తగా అయిపోయిందని వాళ్ళే రాసుకుని దాన్ని పక్కన పెట్టి డియా అనే ఏఐ బ్రౌజర్ మొదలెట్టారు, ఆర్క్ ని ప్రాణంగా వాడినవాళ్ళు (నేనూ ఒకణ్ణి) రోడ్డున పడ్డాం. ఇక ఐలాండ్ మాట మీరు తెచ్చారు కాబట్టి, అది నా వైపు సాక్ష్యం అండి. వాళ్ళు సెర్చ్ జోలికి పోలేదు, ఉద్యోగి ఏ ఫైలు బయటికి పంపుతున్నాడు ఏది కాపీ చేస్తున్నాడు అని కంపెనీలకి పట్టు ఇచ్చి, ఆ కంపెనీల దగ్గరే డబ్బు తీసుకుంటారు. నెట్ సెంటర్ బ్రౌజర్ దానికి మేనల్లుడి వరస. పెద్ద డబ్బు లేకుండా కూడా నడుపుతున్నారు, ఒపెరా బ్రౌజర్ పెట్టినాయనే బయటికొచ్చి వివాల్డీ అనే బ్రౌజర్ పెట్టాడు, వీసీ పైసా లేదు. మన పక్కన జోహో వాడి ఉలా బ్రౌజర్ కూడా అంతే, కేంద్రం పెట్టిన ఇండియన్ బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి కోటి రూపాయలు దానికే వచ్చింది. జోహోకి వెనకాల వేరే వ్యాపారం ఉంది నిజమే, ఆ మాట దాచను.

తాడేరు_కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. ఆడిటర్ గారు చెప్పిన మేనమామ పాయింటు ఇంట్లో చెప్తే మా అమ్మ ఆ చట్టం రాసినవాణ్ణి తిడుతోంది. టర్మ్ షీట్ మళ్ళీ చూశాను, పార్టిసిపేటింగ్ అనే ఉంది. ఏఐ అని ఆయన అడిగేది ఏంటంటే కస్టమర్ వచ్చి నోటితో చెప్తే బ్రౌజర్ తనంతట తనే ఫారం నింపేసి సబ్మిట్ కొట్టేయాలంట. చేయడం అంత కష్టం కాదనిపిస్తోంది, చెయ్యమంటారా?

ప్యాచ్_మంగళవారం:
రాజమండ్రి నుంచి. సెక్యూరిటీ ఉద్యోగం చేస్తా కాబట్టి సూటిగా అడుగుతా, మీ క్రోమియం వెర్షన్ ఎంత? క్రోమ్ కొత్త వెర్షన్ కొన్ని వారాలకి ఒకటి వస్తుంది, మధ్యలో 2023 నుంచి వారం వారం సెక్యూరిటీ ప్యాచులు (కన్నాలు పూడ్చే సవరణలు). వాళ్ళు ప్యాచ్ వదిలిన నిమిషం నుంచి ఆ కన్నం ఎక్కడుందో లోకం మొత్తానికి తెలిసిపోతుంది, మీరు కలుపుకునే దాకా మీ నెట్ సెంటర్లన్నీ తలుపు తీసి ఉన్నట్టే. ఒక్క బిల్డ్ కే గంటలు గంటలు పడుతుంది మామూలు సిస్టమ్ మీద. 50 లక్షలు వచ్చినా అందులో పెద్ద భాగం ఈ ప్యాచులు కలిపే మనిషికే పోతుంది, కొత్త ఫీచర్ ఒక్కటీ రాదు. ఇద్దరే ఉన్నారు కాబట్టి నా మాట వింటే ఫోర్క్ (క్రోమియం నుంచి విడగొట్టుకున్న మీ సొంత బ్రౌజర్) వదిలేసి ఎక్స్‌టెన్షన్ (మామూలు క్రోమ్ కి తగిలించే చిన్న ప్రోగ్రాం) చేయండి. మీరు చెప్పిన వాటిలో ఫోటో సైజు, తెలుగు టైపింగ్, ఫారం నింపడం ఎక్స్‌టెన్షన్ లోనే అయిపోతాయి, కస్టమర్ కి ఒక ప్రొఫైలు తెరిచి చెరిపేసే ముక్క ఒక్కటీ చిన్న విండోస్ ప్రోగ్రాంగా పెట్టుకోవచ్చు. ప్యాచుల బాధ గూగుల్ వాడు పడతాడు.

ఏఐ తనే సబ్మిట్ కొట్టడం అన్నారు, అది ఆగండి. కామెట్ లో పేజీని సమ్మరీ చేయమంటే ఆ పేజీలో ఎవడో దాచిన రాతల్ని ఆజ్ఞలుగా తీసుకుని యూజర్ ఈమెయిల్ దాకా వెళ్ళగలిగే దారి ఉందని బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్ వాళ్ళు 2025 ఆగస్టులో బయటపెట్టారు. అంత పెద్ద కంపెనీకే అలా అయితే, మీ దాని ముందు కూర్చునేది ఆధార్ కార్డు చేత్తో పట్టుకొచ్చిన ముసలావిడ. ఓటీపీ ఆవిడ ఫోనుకొస్తుంది, తప్పు పడితే ఆవిడ పింఛను ఆగుతుంది. 2023 డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, మీకు అంత వెయ్యరులెండి కానీ ఆధార్ ఫోటోలు మీ సర్వర్ కి రాకుండా అక్కడి సిస్టమ్ లోనే ఉండేలా మొదటి రోజు నుంచే కట్టుకోవడం మంచిది. ఏఐ ఫారం నింపనివ్వండి, సబ్మిట్ మాత్రం మనిషే నొక్కాలి.

బెంగళూరు_బస్సు:
సరే ప్యాచుల విషయం ఒప్పుకుంటా. అయినా ఎక్స్‌టెన్షన్ అంటే ఏ వీసీ కూడా ఫోన్ ఎత్తడు, అది కూడా చెప్పాలి కదా.

ప్యాచ్_మంగళవారం:
ఎత్తకపోతే 20 శాతం మిగిలింది. రాజమండ్రిలో స్టార్టప్పులకి సాయం చేసే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ఉంది కదా, ఒకసారి వెళ్ళి మాట్లాడి రమ్మనండి.

నెట్‌సెంటర్_పాలకొల్లు:
ఇంతసేపూ చదువుతున్నా, ఒక్కరూ నెట్ సెంటర్ వాణ్ణి అడగలేదు. నేను వాడుతున్న వాళ్ళలో ఒకణ్ణే బాబూ, నీ బ్రౌజరే. బాగుంది, కస్టమర్ ని మూసేస్తే అన్నీ పోవడం చాలా బాగుంది, ఇదివరకు ఒకళ్ళ పీఎఫ్ ఇంకొకళ్ళకి తెరుచుకుని తన్నులాట అయ్యేది. నెలకి మూడొందలు అడుగు ఇస్తా. ఐదొందలంటే ఆలోచిస్తా. ఏడాదికి ఒకేసారి కట్టమంటే మాత్రం కట్టను, ఎందుకంటే ఈ పని ఏడాది తర్వాత ఉంటుందో లేదో నాకే తెలీదు. 2025 జనవరిలో ఏపీ ప్రభుత్వం వాళ్ళు వాట్సాప్ లో మన మిత్ర పెట్టారు 161 సేవలతో, సర్టిఫికెట్ల కోసం వచ్చే కుర్రోళ్ళు తగ్గారు. పెద్దవాళ్ళు వస్తున్నారు, ఫోన్ తెచ్చి ఆ వాట్సాప్ లోనే కాస్త చేసిపెట్టు బాబూ అని అడుగుతున్నారు, దానికి ఎంత తీసుకోవాలో తెలీక ఇరవై అంటున్నా. కాబట్టి కంప్యూటర్ లో ఫారాలే కాకుండా ఆ వాట్సాప్ వెబ్ కూడా కస్టమర్ కి ఒకటి విడిగా తెరుచుకుని పని అవ్వగానే లాగౌట్ అయ్యేలా చెయ్యి, ఇప్పుడు మర్చిపోతే వాళ్ళ చాటింగులు సాయంత్రం దాకా నా స్క్రీన్ మీదే వస్తున్నాయి.

ఏఐ మాట నాకు తెలీదు గానీ నాకు కావాల్సింది ఇంకోటి ఉంది. ఎంసెట్ ఆఖరి రోజుల్లో సర్వర్ పడిపోతుంది, అరగంట నింపిన ఫారం తెల్లగా అయిపోతుంది, వెనక పది మంది నిలబడి ఉంటారు. నింపింది నింపినట్టు దాచిపెట్టి, సైటు మళ్ళీ తెరుచుకోగానే దానంతట అదే పెట్టేసేలా చేస్తే ఐదొందలైనా ఇస్తా. మా వీధిలో ఇంకో ఇద్దరి చేత కూడా కట్టిస్తా.

తాడేరు_కుర్రోడు:
అది చెయ్యొచ్చు అండి. క్యాప్చా మాత్రం మళ్ళీ కొట్టాలి, సెషన్ టైమౌట్ అయిపోతే లాగిన్ కూడా మళ్ళీ చెయ్యాలి, మిగతా గళ్ళన్నీ నింపేసి ఉంటాయి, సరిపోద్దా?

నెట్‌సెంటర్_పాలకొల్లు:
క్యాప్చా నేను కొట్టుకుంటాలే. పొద్దున్న పదిలోపు రా, ఆ తర్వాత కూర్చోడానికి కుర్చీ దొరకదు.